వేళ్లు మాట వినని వేళ: ఒక పియానో విద్వాంసుని కుడిచేయి నేర్పిన శాస్త్రము

అభ్యాసము కూసువిద్య యని పెద్దలు చెప్పిన మాటను శంకించువారు మనలో అరుదు. వీణ గాని, వయొలిన్ గాని, మృదంగము గాని చేపట్టినవాడు దినదినమును గంటల తరబడి సాధన చేసినకొలది వాని వేళ్లు పదునెక్కుననియు, సాధన మానినచో మొద్దువారుననియు చిన్ననాటినుండి వినుచునే యున్నాము. ఈ నమ్మకము చాలవరకు సత్యమే. అయినను దీనికొక మేర కలదని, ఆ మేర దాటినచో సాధనయే విద్యను హరింపగలదని, ఇరువదవ శతాబ్దపు పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమున మేటి పియానో విద్వాంసులలో నొకడైన లియాన్ ఫ్లైషర్ జీవితము మనకు తెలియజేయుచున్నది.

1964వ సంవత్సరము. ఫ్లైషర్ కీర్తి శిఖరమున నున్న కాలము. అప్పుడే అతని కుడిచేతి ఉంగరపువేలును చిటికెనవేలును, పియానో మీటలపై నుంచినంతనే, అతని ఇచ్ఛతో నిమిత్తము లేకయే అరచేతివైపునకు ముడుచుకొనసాగెను. ఎముక విరుగలేదు, నరము తెగలేదు, పక్షవాతము రాలేదు. లోపము సాధనలోనే యున్నదని తలచి అతడు సాధనను పెంచెను. పెంచినకొలది వేళ్లు మరింత గట్టిగా ముడుచుకొనెను. ఏడాది తిరుగకముందే రెండు చేతులతో కచేరీ చేయుట అతనికి అసాధ్యమయ్యెను.

ఈ వికారమునకు లోనైనవారిలో పెక్కుమంది విషయమున మరియొక వింత కానవచ్చును. వాద్యము ముందు తిరుగబడు ఆ చేయియే అన్నము కలుపుకొనుటకును, చొక్కా గుండీలు పెట్టుకొనుటకును, తాళము తీయుటకును చక్కగా సహకరించును. కండరములు అవే, నరములు అవే, వేళ్లు అవే. ఏ పనిని లక్షలసార్లు అభ్యసించిరో ఆ పని యొక్కటియే చెడును. సాధనవలన వచ్చిన విద్య సాధనవలననే ఏల పోవలెను? తక్కిన పనులన్నియు చేయగల చేయి తన కత్యంత పరిచితమైన పనిలోనే ఏల తప్పవలెను? ఈ ప్రశ్నలకు సమాధానము చేతిలో లేదు, మెదడులో నున్నది. ఆ సమాధానము దొరకుటకు సుమారు మూడు దశాబ్దములు పట్టినది.

బీతోవెన్ శిష్యపరంపరలోని బాలుడు

ఫ్లైషర్ 1928 జూలై 23న అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరమున, తూర్పు ఐరోపానుండి వలసవచ్చిన యూదుల యింట జన్మించెను. తండ్రి టోపీల వ్యాపారి. నాలుగవ యేట పియానో ముందు కూర్చున్న ఆ బాలుడు తొమ్మిదవ యేట, ఇటలీలోని కోమో సరస్సు తీరమున పాఠములు చెప్పుచున్న ఆర్తూర్ ష్నాబెల్ అను మహావిద్వాంసునికి శిష్యుడయ్యెను. బాలమేధావులను చేర్చుకొనుట ష్నాబెల్‌కు సమ్మతము కాకపోయినను, ఈ బాలుని వాదనము విన్నపిమ్మట ఆ నియమమును సడలించెను. ష్నాబెల్ గురువు లెషెటిట్స్కీ, అతని గురువు చెర్నీ, చెర్నీ సాక్షాత్తు బీతోవెన్ శిష్యుడు. గురుముఖమున విద్య సంక్రమించు సంప్రదాయమునకు అలవాటుపడిన మనకు ఈ పరంపర విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

పదునారేండ్ల ప్రాయమున, 1944లో, న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందముతో పియర్ మాంటూ నిర్వహణమున ఫ్లైషర్ బ్రామ్స్ మొదటి పియానో కాన్చెర్టోను వాయించెను. కాన్చెర్టో యనగా ఒక ప్రధాన వాద్యమునకును పెద్ద వాద్యబృందమునకును నడుమ సంవాదముగా సాగు దీర్ఘరచన. 1952లో బ్రస్సెల్స్ నగరమున జరిగిన ఎలిసబెత్ రాణి పోటీలో ప్రథమస్థానము పొందిన తొలి అమెరికను అతడే. పిదప జార్జి సెల్ నిర్వహించు క్లీవ్‌లాండ్ వాద్యబృందముతో కలిసి, బీతోవెన్ కాన్చెర్టోలైదును బ్రామ్స్ కాన్చెర్టోలు రెండును ఇచ్చిన రికార్డులు నేటికిని రసికులు ఆదర్శముగ నెంచునవి.

కచేరీ పియానో విద్వాంసుని జీవితము బయటికి కనబడునంత సుఖకరమైనది కాదు. వయొలిన్ విద్వాంసుడు తన వాద్యమును వెంట గొనిపోవును; సుమారు ఐదువందల కిలోల బరువుగల పెద్ద పియానోను మోసికొని తిరుగువాడెవడు? ఊరికొక పియానో, సభకొక స్పర్శ. కచేరీకి ముందు దొరకు కొద్ది గంటలలో ఆ కొత్త వాద్యపు గుణమును గ్రహించి, వేళ్ల బలమును దానికనుగుణముగ మార్చుకొనవలెను. ఏకవాద్య కచేరీయందు కాగితము చూడక గంటన్నరసేపు జ్ఞాపకమునుండి వాయించుట పంతొమ్మిదవ శతాబ్దమున క్లారా షూమన్, లిస్ట్ మొదలగువారి నాటినుండి ఆచారమై నిలిచినది. ఈ బాధ్యతలన్నియు ప్రతిదినము కొన్నిగంటల సాధనను కోరును. పేరు పెరిగినకొలది కచేరీలును, కచేరీలతోపాటు సాధనయు పెరుగును.

ఒక సెంటీమీటరు లోతులో నుండు సంగీతము

విద్వాంసుని వేలినుండి పియానో కోరునదేమో మొదట తెలిసికొందము. 1700 ప్రాంతమున ఇటలీలోని ఫ్లారెన్స్ నగరమున బార్తొలొమియో క్రిస్టోఫొరి నిర్మించిన యీ వాద్యము, ఇప్పటి రూపమున, 52 తెల్లమీటలును 36 నల్లమీటలును, మొత్తము 88 మీటలు గలది. లోపల రెండువందలకు పైగా ఉక్కుతంత్రులు బిగింపబడియుండును. వానియన్నిటి లాగుడును కలిపినచో సుమారు ఇరువది టన్నులు. ఇంత భారమును మోయుటకే లోన పోత ఇనుప చట్రము అమర్తురు.

ఇంతటి వాద్యమును పలికించుటకు కావలసిన బలము మాత్రము అత్యల్పము. ఒక మీట సుమారు ఒక సెంటీమీటరు లోతునకు దిగును. దానిని కదలించుటకు ఏబది గ్రాముల బరువు చాలును. మీట దిగుచుండగా లోపలి సన్నని కొయ్యభాగములు, ఉన్నిపొర తొడిగిన యొక చిన్న సుత్తిని తంత్రులమీదికి విసరును. సుత్తి తంత్రిని తాకుటకు రవ్వంత ముందే మీటతో సంబంధము తెంచుకొని స్వేచ్ఛగా పోవును. అట్లు పోకున్నచో అది తంత్రినే అదిమిపట్టి నాదమును అణచివేయును. 1821లో ఫ్రాన్సు దేశస్థుడగు సెబాస్టియన్ ఎరార్ పూర్తిగా పైకి రాకమునుపే మీటను మరల నొక్కుటకు వీలు కల్పించిన పిదప, ఒకే స్వరమును అతివేగముగ మరల మరల మ్రోగించుట సాధ్యమయ్యెను.

సుత్తి విడివడిన క్షణమునుండి దానిపై విద్వాంసునికి అధికారము లేదు. నాదము గంభీరముగ పలుకునో, మృదువుగ పలుకునో నిర్ణయించునది సుత్తి వేగము. ఆ వేగమును నిర్ణయించునది మీట దిగిన తీరు. అందుచే విద్వాంసుని సంగీతమంతయు ఆ యొక్క సెంటీమీటరు ప్రయాణములోనే, సెకనులో శతాంశముల లెక్కన, ఇమిడియుండవలెను. కుడిచేయి పైస్థాయిలో రాగమును పలికించుచుండగా, అదే చేతిలోని తక్కిన వేళ్లు దానికంటె మెత్తగా పక్కస్వరములను మోయుచుండును. ఐదువేళ్లకు ఐదు వేరువేరు ఆజ్ఞలు, ఒకే క్షణమున చేరవలెను.

వేలు ఒంటరిది కాదు

ఇక్కడ మన శరీరనిర్మాణము సాధకునికి కొంత ప్రతికూలముగ నున్నది. మన వేళ్లలో చెప్పుకోదగిన కండరములు లేవు. వేళ్లను ముడుచు బలమైన కండరములును, చాచు కండరములును మోచేతికిని మణికట్టునకును నడుమ నుండును. వానినుండి బయలుదేరిన స్నాయువులు మణికట్టును దాటి వేళ్లను చేరి లాగును. అరచేతిలోని చిన్న కండరములు సున్నితమైన సవరణలు చేయును. ముంజేతిని రెండవచేత పట్టుకొని వేళ్లు కదలించినచో చర్మము క్రింద ఈ కదలిక స్పష్టముగ తెలియును.

ఒక్కొక్క వేలికి పూర్తిగ వేరైన స్నాయువు ఉండినచో చిక్కు లేకపోవును. కాని మధ్యవేలు, ఉంగరపువేలు, చిటికెనవేలు, వీనిని చాచు స్నాయువులను చేతివెనుక అడ్డుపట్టీలు కలిపియున్నవి. అందువలన ఉంగరపువేలు ఐదింటిలో మిక్కిలి పరాధీనము. పట్టుకొనుటకు, పిడికిలి బిగించుటకు ఈ కూర్పు ఎంతయు అనుకూలము. పదివేళ్లను పదిరకములుగ నడుపుటకు అంత అనుకూలము కాదు.

▣ పాఠకులు చేసి చూడదగిన పరీక్ష
బల్లపై అరచేతిని బోర్లించి, మధ్యవేలిని మాత్రము లోనికి మడిచి, తక్కిన నాలుగు వేళ్లను చాచియుంచుడు. ఇప్పుడు బొటనవేలిని, చూపుడువేలిని, చిటికెనవేలిని ఒక్కొక్కటిగా పైకెత్తి చూడుడు, సులభముగనే లేచును. పిమ్మట ఉంగరపువేలిని ఎత్త ప్రయత్నింపుడు. ఎంత ప్రయత్నించినను అది బల్లను అంటియే యుండును. మడచియున్న మధ్యవేలు అడ్డుపట్టీద్వారా దానిని క్రిందికి లాగిపట్టుటయే ఇందులకు కారణము. ఈ వేలితోనే పియానో విద్వాంసుడు ధారాళముగ స్వరపరంపరలను వాయింపవలసియున్నది.

మెదడులోని మళ్లు, గట్లు

నిర్మాణములో కలిసియున్న వేళ్లను వేరువేరుగ నడుపు భారము మెదడుపై పడును. మెదడు పైపొరలో, నడినెత్తినుండి చెవివైపునకు దిగు రెండు పట్టీలు ప్రక్కప్రక్కన కలవు. ముందరిది కదలికలకు ఆజ్ఞలిచ్చును, వెనుకది స్పర్శను గ్రహించును. కుడిచేతికి మెదడులోని ఎడమభాగము, ఎడమచేతికి కుడిభాగము అధికారి. 1930వ దశకమున కెనడాలోని మాంట్రియల్ నగరమున శస్త్రవైద్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డ్, మెలకువగానున్న రోగుల మెదడును సూక్ష్మవిద్యుత్తుతో తాకి, ఏ చోట తాకినచో ఏ అంగము కదలునో, ఏ అంగమున స్పర్శ తెలియునో గుర్తించెను. వీపు, పొట్ట వంటి విశాలభాగములకు ఆ పట్టీలలో దక్కిన చోటు స్వల్పము. చేతికిని పెదవులకును దక్కినది విస్తారము.

ఈ ఏర్పాటును మన మాగాణితో పోల్చుకొనవచ్చును. ఒక్కొక్క వేలికి ఒక్కొక్క మడి కలదు. మడికి మడికి నడుమ గట్టు కలదు. ఒక వేలికి ఆజ్ఞ పోవునపుడు ఆ మడికి నీరు వదలినట్లగును. పక్కమళ్లలోనికి నీరు పొరలిపోకుండ గట్టు ఆపును. మెదడులో గట్టు పని చేయునవి నిగ్రహించు నాడీకణములు. చూపుడువేలు కదలవలెనని ఆజ్ఞ వెలువడిన క్షణముననే, పక్కవేళ్ల కణములను అవి అణచియుంచును. కావున నేర్పు అనునది కదలించు శక్తి మాత్రమే కాదు. కదలకూడని దానిని కదలనీయని శక్తియు నందు సమానభాగము. చంటిబిడ్డ ఒక వేలు కదల్పబోయి చేతినంతయు కదల్చుటకు, ఇంకను ఈ గట్లు గట్టిపడకుండుటయే ఒక కారణము.

ఈ మళ్ల హద్దులు జన్మతో శాశ్వతముగ నిర్ణయమైనవి కావు. 1995లో జర్మనీ శాస్త్రజ్ఞుడు థామస్ ఎల్బర్ట్, అతని సహచరులు వయొలిన్ మొదలగు తంత్రీవాద్యములు వాయించువారి మెదళ్లను పరీక్షించి, తంత్రులనొక్కు ఎడమచేతివేళ్లకు మెదడులో దక్కిన చోటు సామాన్యులకంటె హెచ్చుగ నున్నదనియు, చిన్ననాడే సాధన ప్రారంభించినవారిలో ఆ పెరుగుదల మరింత హెచ్చనియు కనుగొనిరి. అదే సంవత్సరము అల్వరో పాస్క్యువల్-లియోన్ బృందము మరియొక విశేషమును ప్రకటించెను. పియానో ఎరుగనివారిచేత ఐదువేళ్ల పాఠమునొకదానిని దినమునకు రెండుగంటల చొప్పున ఐదుదినములు అభ్యసింపజేయగా, వేళ్లను నడుపు చోటు మెదడులో విస్తరించెను. చేయి కదల్పకయే, వాయించుచున్నట్లు మనస్సులో భావించినవారియందును ఇంచుమించుగ అట్టి మార్పే కనబడెను. సాధన చేతికన్న ముందు మెదడును మలచునని ఇంతకుమించిన నిదర్శన మేమి కావలెను?

గట్లు కరగిన తీరు

మెదడు నేర్చుకొను మూలసూత్రమిది: రెండు చోట్ల కణములు ఒకే క్షణమున, పదేపదే మేల్కొనుచుండినచో, వాని నడుమ సంబంధము బలపడును. ఈ సూత్రమే విద్యకు మూలము. ఇదియే ఒక్కొక్కప్పుడు విద్యకు విఘాతము. అతివేగముగ, ఒకే తీరుగ, వేలసార్లు సాగు సాధనలో పక్కపక్క వేళ్లనుండి మెదడునకు చేరు స్పర్శవార్తలు దాదాపు ఏకకాలమున వచ్చిపడును. రెండు మళ్లలోను నీరు ఎల్లప్పుడును ఒక్కసారియే నిండుచున్నచో నడుమ గట్టు నానినాని కరగిపోవునట్లు, రెండువేళ్లను వేరుగ గుర్తించు హద్దు చెరగిపోవును. అటుపిమ్మట ఒక వేలికి వదలిన నీరు పక్కమడిలోనికి పొరలును. ఒక వేలిని కదల్పబోవగా రెండవది తానై ముడుచుకొనును. ముడుచుకొన్న వేలిని విడదీయుటకు విద్వాంసుడు మరింత శ్రమించును. ఆ శ్రమయే గట్టును మరింత కరగించును. సాధన పెంచినకొలది ఫ్లైషర్ వేళ్లు మరింత ఏల ముడుచుకొనెనో ఇప్పుడు తెలియుచున్నది.

ఇది ఊహామాత్రము కాదు. 1996లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ ఫ్రాన్సిస్కో శాఖలో నాన్సీ బిల్, మైకేల్ మెర్జెనిక్ మొదలగువారు కోతులకు చేతితో ఒక పిడిని వేగముగ పట్టి విడుచు పనిని నేర్పి, మరల మరల చేయించిరి. కొంతకాలమునకు ఆ కోతుల చేతినేర్పు సడలెను. వాని మెదడులో స్పర్శను గ్రహించు పట్టీని పరీక్షింపగా, ఒక్క వేలిపై చిన్నచోటుకు మాత్రమే స్పందింపవలసిన కణములు అనేకవేళ్లకు స్పందించుచుండెను. 1998లో ఎల్బర్ట్ బృందము, చేతివికారముగల సంగీతజ్ఞుల మెదళ్లలో వేళ్ల స్థానములు ఆరోగ్యవంతులకంటె ఒకదానికొకటి దగ్గరగ జరిగియున్నవని చూపెను.

ఈ వికారమునకు వైద్యులు పెట్టిన పేరు ఫోకల్ డిస్టోనియా. అనగా శరీరములో ఒక్కచోటికి పరిమితమై, కండరములను అసంకల్పితముగ బిగింపజేయు రోగము. మెదడు లోతున నుండి కదలికల ఎంపికను దిద్దు నాడీకేంద్రములకును ఇందులో పాత్ర కలదు. ప్రతి నేర్పునకును మెదడులో దానిదైన కణసమూహము ఏర్పడును గనుక, అన్నము కలుపు పని చెక్కుచెదరక, పియానో పని మాత్రమే చెడుట సంభవించును. చేతికి పలుచని రబ్బరు తొడుగు వేసికొన్నచో కొందరిలో వేళ్లు తాత్కాలికముగ సర్దుకొనుటయు నిందుచేతనే. స్పర్శ మారుటతో మెదడు ఆ పనిని కొత్తపనిగ తలచును.

సాధన చేయు ప్రతివారికి ఇది రాదు. వృత్తి సంగీతజ్ఞులలో సుమారు నూటికొకరికి వచ్చునని అంచనా. స్త్రీలకంటె పురుషులలో హెచ్చు. కొన్ని కుటుంబములలో వంశానుగతమైన లక్షణములు కలవు. అతిసూక్ష్మమైన వేగమును కోరు వాద్యములందును, తప్పు దొర్లునను భయముతో నిరంతరము కుములువారియందును హెచ్చుగ కానవచ్చును. 1830వ దశకపు తొలినాళ్లలో కుడిచేతి మధ్యవేలు చెడి, పియానో వాదనమును వదలి రచనకే అంకితమైన రాబర్ట్ షూమన్‌ది ఈ వికారమే కావచ్చునని పలువురు వైద్యుల అభిప్రాయము. పంతొమ్మిదవ శతాబ్దమున దినమెల్ల వ్రాయు గుమాస్తాల చేతులు కలము పట్టినంతనే కొంకర్లు పోవుటయు ఈ కోవలోనిదే.

ఎక్స్‌రేలో లోపము కనబడకపోవుటచే, చాలకాలము వైద్యులు దీనిని మానసిక రోగమనిరి. 1982లో లండన్ నగరమున షీహీ, మార్స్‌డెన్ అను వైద్యులు రాతగాండ్ర కొంకర్లు మనోదౌర్బల్యము కాదనియు, నాడీవ్యవస్థకు సంబంధించిన డిస్టోనియా యనియు నిరూపించువరకు, ఈ బాధితులు రోగమునకు తోడు నిందను కూడ మోయవలసివచ్చెను.

ఎడమచేతితో మూడు దశాబ్దములు

ఫ్లైషర్ ఈ అజ్ఞానయుగములోనే రోగియయ్యెను. సూదిమందులు, మర్దనము, మనోవైద్యము, వశీకరణము, మణికట్టు శస్త్రచికిత్స, అతడు ప్రయత్నింపనిది లేదు. ఆత్మహత్యాలోచన వరకు దిగజారిన దినములున్నవి. కాని ఆ చీకటినుండి అతడు మూడు మార్గములు తీసెను: బాల్టిమోర్ లోని పీబాడీ సంగీతవిద్యాలయమున బోధన, వాద్యబృంద నిర్వహణము, ఎడమచేతి వాదనము. ఆండ్రే వాట్స్ వంటి ప్రసిద్ధ విద్వాంసు లతని శిష్యులు. వేలితో చూపలేనిదానిని మాటతో చూపవలసివచ్చుటచే తన బోధన మెరుగుపడినదని అతడు భావించెను.

ఎడమచేతికి ప్రత్యేకముగ రచనలుండుట పాఠకులకు వింతగ దోచవచ్చును. వియన్నా నగరపు విద్వాంసుడు పాల్ విట్గెన్‌స్టైన్ మొదటి ప్రపంచయుద్ధమున, 1914లో, కుడిచేతిని పోగొట్టుకొనెను. అతడు అధైర్యపడక, ఐరోపా రచయితలచేత ఎడమచేతికి కాన్చెర్టోలు వ్రాయించుకొనెను. రవెల్ రచించినది 1932లో తొలిసారి వినిపింపబడి, వానిలో శ్రేష్ఠమైనదిగ నిలిచినది. ఇందులకు శరీరనిర్మాణము కూడ తోడ్పడినది: ఎడమచేతిలో బలిష్ఠమైన బొటనవేలు పైస్థాయి వైపున నుండును గనుక రాగమును అదియే పలికించును, తక్కిన వేళ్లు మంద్రమును నడుపును, కాలితో తొక్కు మీట నాదమును నిలిపియుంచుటచే చేయి ఒకచోటినుండి మరియొకచోటికి దుముకు వ్యవధి దొరకును. కన్నులు మూసికొని విన్నవారు రెండు చేతులే అనుకొందురు. హిండెమిత్ వ్రాసియిచ్చిన రచన నచ్చక విట్గెన్‌స్టైన్ దాచివేయగా, అది అతని కుటుంబమువారి సొత్తులో 2002లో బయల్పడెను. 2004లో బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌తో దానిని తొలిసారి వాయించిన భాగ్యము ఫ్లైషర్‌కే దక్కెను.

1982లో బాల్టిమోర్ నగరపు కొత్త సంగీతసభ ప్రారంభోత్సవమున అతడు రెండు చేతులతో ఫ్రాంక్ రచననొకదానిని వాయించెను. సభ హర్షధ్వానము చేసెను. కాని చేయి ఇంకను స్వాధీనము కాలేదని గ్రహించిన యతడు మరల ఎడమచేతికే మరలెను. లోకము మెచ్చుచున్నను తనకు తాను అబద్ధము చెప్పుకొనని ఆ నిజాయితీ అతని విద్వత్తునకు తగినదే.

▣ విషము ఔషధమైన వైనము
సరిగ నిలువచేయని ఆహారములో పెరుగు ఒక సూక్ష్మక్రిమి బొట్యులినం అను భయంకర విషమును పుట్టించును. నరము కండరమునకు ఆజ్ఞ అందజేయునపుడు ఎసిటైల్‌కొలీన్ అను రసాయనమును విడుదల చేయవలెను. ఈ విషము ఆ విడుదలను ఆపివేయును, కండరము సడలును. దేహమంతట వ్యాపించినచో ఊపిరి నిలుచును. అత్యల్పమాత్రలో ఒక కండరమునకే ఎక్కించినచో ఆ కండరము మాత్రమే నెమ్మదించును. శాన్ ఫ్రాన్సిస్కో నేత్రవైద్యుడు ఆలన్ స్కాట్ దీనిని మెల్లకన్ను సవరించుటకు ఉపయోగించెను. 1989లో అమెరికా ప్రభుత్వము అనుమతించెను. మూడు నాలుగు నెలలలో నరము మరల పని చేయసాగును గనుక సూది మరల వేయింపవలెను. మోతాదు హెచ్చినచో వేలు బలహీనపడును, తగ్గినచో ముడుచుట ఆగదు.

మరల రెండు చేతులు

1991లో వైద్యులు ఫ్లైషర్ వికారమును ఫోకల్ డిస్టోనియాగ గుర్తించిరి. 1990వ దశకపు నడుమ అతడు బొట్యులినం చికిత్స పొందెను. వేళ్లను ముడుచు కండరములు ముంజేతిలో నుండును గనుక సూది వేలికి గాక ముంజేతికి వేయుదురు. దానితోపాటు బిగిసిన కండరములను లోతుగ మర్దించి సడలించు చికిత్సయు పొందెను. 1995నుండి మొజార్ట్ రచనతో మొదలుపెట్టి రెండుచేతుల వాదనమునకు క్రమముగ మరలివచ్చెను. 2004లో రెండు చేతులు అను పేరుతో వెలువడిన అతని రికార్డులో బాఖ్ రచనలును, షూబర్ట్ చివరి సొనాటాయు కలవు. 2007లో అమెరికాలోని కెనెడీ కేంద్ర గౌరవము అందుకొనెను. 2020 ఆగస్టు 2న, తొంబదిరెండవ యేట, బాల్టిమోర్‌లో కన్నుమూసెను.

ఇది సంపూర్ణమైన స్వస్థత కాదని స్పష్టముగ చెప్పవలెను. సూదిమందు పొరలివచ్చు నీటిని మడి చివర ఆపునే గాని, కరగిన గట్టును మరల కట్టదు. గట్టును కట్టుటకు వైద్యులు నేడు చేయు ప్రయత్నము సాధనద్వారముననే: వేళ్లు ముడుచుకొనని నెమ్మదిగతికి వేగమును తగ్గించి, స్పర్శపై మనస్సు నిలిపి, నెలల తరబడి, కొన్నియెడల ఏండ్ల తరబడి, రవ్వంత రవ్వంతగ వేగమును పెంచుదురు. కొందరికి మేలు కలుగుచున్నది. అందరికిని కలుగుట లేదు. చెరుపుటకు పట్టినదానికంటె దిద్దుటకు పట్టు కాలము ఎక్కువ.

సాధకులకును, గురువులకును

ఈ కథను పియానో వాయించు దేశములకే పరిమితమైనదిగ భావింపరాదు. మెదడు సూత్రము అందరికి నొక్కటియే గనుక, వీణ మీటువారికిని, వయొలిన్ తంత్రిపై గమకము పలికించువారికిని, మృదంగమున చాపు వేయువారికిని, దినమెల్ల వ్రాయువారికిని ఇది వర్తించును. ఎన్నిగంటలు సాధన చేసితిమన్న లెక్కకు మన యిండ్లలో గౌరవము మెండు; ఎంత ఎరుకతో చేసితిమన్నదానికి అంత గౌరవము లేదు. మనస్సు చెదరిన సాధన కొత్తమెరుగు పెట్టదు సరికదా, తప్పునే లోతుగ నాటును. చిన్నచిన్న విడతలుగ, నడుమ విశ్రాంతితో, ఒకే వరుసను యాంత్రికముగ తిప్పక మార్చి మార్చి చేయుట మేలు. వాద్యము ప్రక్కనబెట్టి మనస్సులో వాయించుటయు సాధనయేనని ప్రయోగములు చెప్పుచున్నవి.

అన్నిటికంటె ముఖ్యమైనదొకటి. ఏదేనొక వేలు వాద్యముపై మాత్రమే మాట వినకున్నను, తానై ముడుచుకొన్నను, నొప్పి లేకున్నను, దానిని సోమరితనమని గాని, భక్తిలోపమని గాని తలచి సాధనను రెట్టింపవలదు. గురువులారా, శిష్యుని వేలు తప్పినప్పుడు కోపింపకుడు, ఆ దినమునకు వాద్యమును మూయింపుడు. తలిదండ్రులారా, నాడీవైద్యునికి చూపింపుడు. ఫ్లైషర్‌కు మూడు దశాబ్దములు తెలియనిది నేడు తెలిసియున్నది; తెలిసియు సాధకుని చేయి చెడనిచ్చుట మన బాధ్యతను మనము విడుచుటయే యగును.